నడుం నొప్పి సంగతి

భాను నాన్నకు,

వంకాయ కూర, చారు మూతపెట్టి ఉంచాను. రెండో షిఫ్టుకు పోయే ముందు తినండి, టిఫిన్ డబ్బా మరిచిపోకండి. నేను యోగా క్లాసు అయ్యాక అటునుంచే వైరాలో మా అక్క ఇంటికి పోతున్నాను. రేపు సాయంత్రం వస్తాను.

నిన్న మీ చెల్లెలి ఇంట్లో అందరి ముందు మీరన్న మాట మనసులోంచి పోవట్లేదు. "ఆరేండ్లు నడుం నొప్పని పండుకున్నది. నాలుగు నెలలు చేతులు కాళ్ళు ఊపంగనే పోయింది. గదేం నొప్పి?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నలభై నాలుగేళ్ళ వయసులో సిగ్గుపడుతూ ఆ క్లాసులో వెనక వరసలో నిలబడ్డాను. మొదటి వారం ఎంత వంగినా చేతులు మోకాళ్ళు దాటలేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు నేల మీద కూర్చుని, గోడ పట్టుకోకుండా లేస్తున్నాను. ఆ సంగతి ముందు మీకే చెప్పాలనుకున్నాను. నొప్పి ఉన్నప్పుడు మీరు నమ్మలేదు. తగ్గాక, అసలు లేనే లేదంటున్నారు.

ప్రమీల

ఇంకో మాట. మీ మోకాలికి నువ్వుల నూనె కాచి పొయ్యి పక్కన పెట్టాను. మీరు నొప్పి అన్న ఏ రోజూ నేను నిజమేనా అని అడగలేదు.