పసుపు అంటిన కార్డులు

అమ్మా దుర్గా,

నా రాత కోడి గెలికినట్టుంటది, తప్పులు గూడ ఉంటయి. ఏమనుకోకుండ కూడబలుక్కొని చదువు.

నువ్వు సెలవులకొచ్చి మరిచిపోయిన ఆట కార్డుల డబ్బా మీ దోస్తు హేమలతతోటి పంపుతున్న. దీనికోసమే దమ్మపేట నుంచి వచ్చింది. మీరంతా కలిసి బెంగళూరు పోటీకి పోతున్నరట. ఏడాదంతా దానికోసమే ఆడి నేర్చినవని నాకు తెలుసు.

మనం ఊరి దేవత తల్లి ముందర పెట్టకుండ ఏ విత్తనమూ చేలో వెయ్యం గదా. మొన్న విత్తనాల పండుగకు వడ్లతోపాటు నీ కార్డులు గూడ పెట్టిన. నిన్ను గెలిపించేది పులిబొమ్మ కార్డని చెప్పినవు. అందుకే దాని వెనక పసుపు బొట్టు పెట్టిన.

హేమలత చూసి నెత్తి కొట్టుకున్నది. "ఏంది తాతా గిట్ల చేసినవ్? వెనక గుర్తుంటే అది ఏ కార్డో తెలిసిపోతది. దొంగాటని బయటికి పంపుతరు. వెనకవైపు అన్నీ ఒక్కతీరుగుండాలె" అన్నది. తడిగుడ్డతోటి తుడిచిన, పోలే.

ఆమె అన్నం తినేలోపల మిగిలిన కార్డులన్నిటికీ అదే జాగల పసుపు బొట్లు పెట్టిన. ఇప్పుడు తిప్పి చూస్తే పులి ఏదో నాకే తెలుస్తలేదు.

మిమ్మల్ని ఆడనిచ్చిండ్రా లేదా, జల్దీ జవాబు రాయి.

మీ తాత