గాల్లో వదిలేసిన బకెట్టు

తమ్ముడూ,

ఫోను ఎత్తడానికి నీకు మొహం చెల్లడం లేదు కాబట్టి ఈ ఉత్తరం మరదలి చేతికిచ్చి పంపుతున్నాను. నిన్న మా ట్రాక్టరు తిరిగి తెచ్చి, ముందున్న లోడరు బకెట్టును గాల్లోనే వదిలేశావు. "కిందికి దించి వెళ్లరా" అంటే, "ఏం కాదులే అక్కా, హైడ్రాలిక్ పట్టుకునే ఉంటుంది" అన్నావు. పొద్దున మీ బావ దాని కింద పడ్డ పానా తీసుకోబోతుండగా ఆ హైడ్రాలిక్ పైపు పగిలి బకెట్టు ఒక్కసారిగా దిగింది. తల తప్పించుకున్నారు గానీ రెండు వేళ్లు నలిగిపోయాయి. పైగా "చిన్నవాడు, ఏమీ అనకు" అని నాకే బుద్ధులు! గడ్డం నెరిసినా నువ్వింకా చిన్నవాడివట.

మీ పెరట్లో నీ ట్రాక్టరుకు నేల దున్నే కత్తుల రోటవేటరు కూడా అలాగే ఎత్తి ఉందట, దాని పక్కనే మరదలు బట్టలు ఆరేస్తుందట. చదవడం ఆపు. ముందు వెళ్లి దాన్ని నేలకు దించు. తిట్లు తర్వాత తిందువుగాని.

మీ అక్క