నలభై రెండోసారి

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మీ అమ్మా క్షేమమని నమ్ముతున్నాను. మా ఆఫీసు వెబ్‌సైటు మాత్రం మూడు రోజులు మంచం పట్టి, నిన్ననే లేచి కూర్చుంది. ఆ సంగతే రాయాలి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోను చేస్తే నీ వెనక మీ అమ్మ గిన్నెలు సర్దే చప్పుడు వినపడుతుంది. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ జారిపోతుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా గదిలో కుళాయి కారడం ఆగింది. నువ్వు బొమ్మ గీసి పంపినట్టే విప్పి చూస్తే వాషరు ఒక పక్క అరిగిపోయి ఉంది. కొత్తది వేశాను. ఇంటి యజమాని చూసి, "ఎవరు బాగు చేశారండీ?" అన్నాడు. "మా అమ్మాయి" అన్నాను. "ఎప్పుడొచ్చింది?" అన్నాడు. "రాలేదండీ, ఉత్తరంలో చేసింది" అన్నాను. ఇక నా కళ్ళజోడు దొరికింది, నెత్తిమీదే ఉంది. మీ అమ్మకు చెప్పకు. నీ మూడో ప్రశ్నకు చివర్లో వస్తాను. మళ్ళీ తప్పించుకుంటున్నాడు అనుకోకు, ఈసారి నిజంగానే వస్తాను.

వృత్తి విద్యా కళాశాలల దరఖాస్తులన్నీ మా వెబ్‌సైటులోనే పెట్టుకోవాలని నీకు తెలుసు. బుధవారం సాయంత్రం అయిదింటితో గడువు ఆఖరు. సోమవారం పొద్దుటి నుంచే ఫోన్లు మోగడం మొదలైంది. ఫోన్లెత్తే ఆవిడ పరుగున వచ్చింది.

"దరఖాస్తు పేజీ వచ్చినట్టే వచ్చి ఇంకో పేజీకి పోతోందటండీ. అక్కణ్ణించి మళ్ళీ మొదటికి. చివరికి, ఈ పేజీ మిమ్మల్ని మరీ ఎక్కువసార్లు తిప్పుతోందని బ్రౌజరే చేతులెత్తేస్తోందట!"

నా కంప్యూటర్లో చూశాను. హాయిగా తెరుచుకుంది. "ఇక్కడ బానే ఉందే" అన్నాను. మా వృత్తిలో ఈ మాట అననివాడు లేడు, అన్నాక పరువు దక్కించుకున్నవాడూ లేడు.

మేనేజరమ్మ కుకీలు తుడిచెయ్యమని చెప్పమంది. కుకీలంటే, వచ్చిన మనిషిని గుర్తుపట్టడానికి వెబ్‌సైటు బ్రౌజర్లో దాచుకునే చీటీలు. ఫోను చేసినవాళ్ళంతా తుడిచారు, లాభం లేకపోయింది. నేను నెట్‌వర్కు చూసే ఆయన మీదకి తోశాను. ఆయన సర్వరు కంపెనీ మీదకి తోశాడు. వాళ్ళు "మీ ప్రోగ్రామే చూసుకోండి" అని తిరిగి నా మీదకే తోశారు. అయినా మంగళవారమంతా నెట్‌వర్కాయనే చీవాట్లు తిన్నాడు.

బుధవారం పొద్దున, ఇక దారి లేక, లాగ్ తెరిచాను. ఏ పేజీ ఎవర్ని ఎటు పంపిందో సర్వరు రాసుకునే చిట్టా అది. ఒక పదిమందిని వరసగా పట్టి చూస్తే విషయం అర్థమైంది. దరఖాస్తుకు అమ్మానాన్నల అంగీకారం సోమవారం నుంచే కొత్తగా తప్పనిసరి చేశాం; తిరుగుతున్నవాళ్ళంతా అది ఇంకా రాని పిల్లలే. దరఖాస్తు పేజీ వాళ్ళని, "నీకు అంగీకారం లేదు, అంగీకారం పేజీకి వెళ్ళు" అంటోంది. ఆ పేజీ ఏమో, "నువ్వు తల్లివీ కావు, తండ్రివీ కావు, నీకిక్కడేం పని? దరఖాస్తు పేజీకి వెళ్ళు" అంటోంది. పాపం పిల్లలు గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. మేం పరీక్షించినప్పుడు అంగీకారం ఉన్న ఉత్తుత్తి పేర్లే వాడాం కాబట్టి మాకు తెలియలేదు.

ఆ రెండు పేజీలూ రాసిన మహానుభావుడెవరా అని చూశాను. నేనే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అందరికంటే ఎక్కువ తిరిగిన దరఖాస్తు ఒకటుంది. నలభై ఒక్కసారి. కోరిన చదువు, పడవ ఇంజన్ల మరమ్మతు. పుట్టిన తేదీ నాకు బాగా తెలిసిన తేదీ.

నాకు చెప్పకుండానే పెట్టిందా అని ముందు కోపం వచ్చింది. చెప్పకపోవడమేమిటి, మూడు ఉత్తరాల్లో చెప్పావు. మొదటిదానికి "మీ అమ్మనడుగు" అని రాశాను. "అమ్మ నిన్నడగమంది" అని నువ్వు మళ్ళీ రాస్తే, "అమ్మ మాటే నా మాట" అన్నాను. మీ అమ్మకు నీళ్ళంటే భయం, నాకు మీ అమ్మంటే భయం. ఇద్దరం అవుననలేదు, కాదనీ అనలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి రెండు కాగితాలు చింపాను. తప్పు దొరికింది పదకొండు గంటలకు. దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. కానీ దిద్దినదాన్ని సర్వరు మీద పెట్టకుండా కూర్చున్నాను. అయిదు దాటితే చాలు, ఎవరూ కాదనకుండానే నీ చదువు ఆగిపోతుంది, నెపం మిషను మీదకి పోతుంది. నీలాంటి పిల్లలు ఇంకో రెండువందల మంది తిరుగుతుంటే నేను టీ తాగుతూ గడియారం చూశాను. చాలా సిగ్గుగా ఉంది తల్లీ.

రెండింటికి పది నిమిషాలుందనగా లాగ్‌లో కొత్త వరస పడింది. నువ్వే. నలభై రెండోసారి. కుళాయిని రెండుసార్లు తిప్పి చూసి, దానికింద బకెట్టు పెట్టుకుని పడుకున్నవాణ్ణి నేను.

వెంటనే దిద్దినదాన్ని ఎక్కించి, మేనేజరమ్మ గదిలోకి వెళ్ళాను.

"తప్పు నాదేనండీ. మధ్యలో పిల్లలు నష్టపోయారు, గడువు పెంచండి."

"మరి నిన్నంతా నెట్‌వర్కాయన్ని తిట్టించావు కదయ్యా!"

"తిట్టించానండి."

"ముందెళ్ళి ఆయనకి చెప్పు."

చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాను. సాయంత్రం దాకా ఎవరేమడిగినా, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా సరే, నా దగ్గరికే పంపాడు. గడువు మాత్రం వారం పెరిగింది.

ఇప్పుడు అంగీకారం పేజీ ఎవర్నీ ఎటూ పంపదు. తల్లికీ తండ్రికీ కబురు పెట్టి, జవాబు వచ్చేదాకా అక్కడే ఆగుతుంది. ఇద్దరిలో ఒకరు అవునంటే చాలు. నిన్న సాయంత్రం ఆ కబురు నాకూ వచ్చింది. అవుననే గడిలో టిక్కు పెట్టాను. ఈ ఉత్తరం అందేలోగా నీకది కనపడే ఉంటుంది, ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలని ఇదంతా రాశాను.

నీ మూడో ప్రశ్న, "నాన్నా, నువ్వేమంటావు?" వెళ్ళమంటాను. నీళ్ళంటే నాకూ కొంచెం భయమే, అందుకని ముందు ఈత నేర్చుకో.

మీ అమ్మకు కోపం వస్తుంది, రాకుండా ఉండదు. నువ్వు సంజాయిషీ చెప్పకు. నా దగ్గరికి పంపించు. నేను ఇంకెవరి దగ్గరికీ పంపను.

ఇట్లు,
మీ నాన్న