మొత్తం ఆడినా అన్నాను

శనివారం, మోరిస్‌విల్, అమెరికా

ఈరోజు కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఇరవై నిమిషాలకే నన్ను బయటికి పిలిచేశారు. మిడ్‌ఫీల్డ్‌లో బంతి నా కాలికి తగిలేలోపే ఇద్దరు మీదికి వచ్చేస్తున్నారు. అనంతపురంలో బంతి ఆపి, తలెత్తి చూసి, అప్పుడు పాస్ ఇచ్చేదాన్ని. ఇక్కడ అంత టైమ్ ఎవరూ ఇవ్వరు. నేను పోగొట్టుకున్న బంతే వాళ్లకి గోల్ అయింది.

మ్యాచ్ అయ్యాక కోచ్ నా పక్కన కూర్చుని మెల్లగానే చెప్పింది. "నువ్వు బాగా ఆడతావు. కానీ నువ్వు ఆలోచించేసరికి ఆట ముందుకెళ్లిపోతోంది. ఈ సీజన్ ప్రాక్టీస్ మాత్రం చేయి, మ్యాచ్‌లు వద్దు." తిట్టినా బాగుండేది.

టీమ్ వదిలేస్తానని నోటిదాకా వచ్చింది. వదిలితే స్కాలర్‌షిప్ పోతుంది, అది పోతే చదువు, వీసా కూడా పోతాయి. "ఓకే కోచ్" అన్నాను.

రూమ్‌మేట్ శ్రావ్య "ఒక్క సీజనే కదే, రెస్ట్ అనుకో" అంది. ఆడడానికే వచ్చినదాన్ని, ఆడకుండా ఇక్కడేం చేయాలి?

ఇంతలో చెల్లి వీడియో కాల్ చేసింది.

"అక్కా, ఈసారి ఎంతసేపు ఆడినావు?"

"మొత్తం ఆడినా."

అది పరిగెత్తుకెళ్లి అమ్మకి చెప్పేసింది. ఇంక వచ్చే శనివారం కూడా ఆడానని చెప్పాలి. ఆపై శనివారం కూడా.