చింతకాయ తొక్కుకు థాంక్యూ

ఎల్.బి. నగర్

పెంటమ్మక్కకు తమ్ముడు మహిపాల్ దండాలు.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని కార్డు రాస్తున్నాను, బావతో చదివించుకో. చింతకాయ తొక్కు అందిందని చెబుతూ మొన్న "థాంక్యూ అక్కా" అన్నాను. "నేనేమన్న పరాయిదాన్నారా?" అని ఫోన్ పెట్టేశావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు క్లాసుకు పోతున్నాను గదా, ఎవరేమిచ్చినా వెంటనే అలా అనాలని నేర్పారు. నా క్యాబ్ ఎక్కేవాళ్ళతో రోజంతా అని అని నాలుకకు అలవాటైంది. నీ చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ని, నిన్ను వాళ్ళలో కలుపుతానా?

మోకాలు నొప్పి తగ్గిందా? దవాఖానకు పోయావా? బర్రె ఈనిందా?

బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. తొక్కు అయిపోయింది, ఇంకో డబ్బా పంపు. ఈసారి ఏమీ అనను. తింటాను.