చదవని ఫైలు

2 మార్చి 1999, మంగళవారం

పొద్దున్నే ల్యాబ్‌లో మా క్లాసు మెహమూద్ పేజీ తెరుచుకుంది. నాది తెరుచుకోలేదు. ఇద్దరివీ అవే నాలుగు లైన్లు. నా ఫ్లాపీ నుంచే కాపీ చేసుకున్నాడు.

మా అమ్మ జానమ్మ, ఆమెతో నాట్లేసే ఆడవాళ్లు వాడే మాటలు నూట ముప్పై పోగుచేశాను. అర్థం చూపించే స్క్రిప్టు కాలేజీ సర్వర్‌లో నా డైరెక్టరీలో ఉంది. అడ్రస్సు చివర ఒక మాట కొడితే, సర్వర్ దాన్ని లోపల తిరగరాసి స్క్రిప్టుకు పంపాలి. రీరైట్ అంటారు. అలా చెయ్యమని సర్వర్‌కు చెప్పేవే మా రూల్స్ ఫైలులోని ఆ నాలుగు లైన్లు. బాగుంది ఆ మాట. వస్తున్నది మాత్రం నాట్ ఫౌండ్. నా డిగ్రీ ప్రాజెక్టు ఇదే. సోమవారం ఎగ్జామినర్ వస్తాడు.

3 మార్చి

ఒక్క అక్షరం తప్పు లేదు. మూడుసార్లు చూశాను.

4 మార్చి, మధ్యాహ్నం 2

ల్యాబ్ సారుకు చెప్పాను. గట్లెందుకైతది, నువ్వే ఏదో తప్పు కొట్టినవ్, మెహమూద్‌ను చూసి నేర్చుకో అన్నాడు. ఆమె దగ్గర్నే నేను నేర్చుకున్న సార్ అన్నాడు మెహమూద్. వకీల్‌ను గూడ పట్కొచ్చినవా అని సారు నవ్వాడు.

5 మార్చి, శుక్రవారం

కావాలని రూల్స్ ఫైలులో పిచ్చిరాతలు రాశాను. మెహమూద్ దాంట్లో రాస్తే సర్వర్ ఎర్రర్ 500 అని మండిపడింది. నా దాంట్లో రాస్తే ఏమీ అనలేదు.

తప్పు రాసినా తిట్టడం లేదంటే నా ఫైలు చదవడమే లేదు.

6 మార్చి, శనివారం

బతిమాలితే సారు సర్వర్ సెట్టింగులు తెరిచాడు. మా క్లాసు డైరెక్టరీలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి జనరల్. రెండోది వెల్ఫేర్, అంటే స్కాలర్‌షిప్ వాళ్లం. రూల్స్ చదివే పర్మిషన్ జనరల్‌కే ఉంది.

ఆఫీసు నుంచి రెండు లిస్టులొచ్చినయ్, గట్లనే ఎక్కించిన, మీ దానికి పర్మిషన్ ఇచ్చుడు యాది మరిచిన, గింతదానికి మనసుల పెట్టుకుంటరా అన్నాడు.

మరిచాడట. పద్నాలుగు మందిని. రెండేళ్లు.

ఒక్క లైను మార్చమన్నాను. పరీక్ష ముంగట సర్వర్ ముట్ట, జర అర్థం చేసుకో, మెహమూద్ డైరెక్టరీల పెట్టి చూపియ్ అన్నాడు. నా జాగా తీస్కో, ఫికర్ చెయ్యకు అన్నాడు మెహమూద్. మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

7 మార్చి, ఆదివారం

ఎవల జాగల ఉంటేంది బిడ్డా, మార్కులొస్తే సాలదా అంది అమ్మ.

రేపు పొద్దున తొమ్మిదికి ఎగ్జామినర్ ముందు నా అడ్రస్సే కొడతాను. నాట్ ఫౌండ్ రానీ. ఎందుకు వచ్చిందో చెబుతాను.