డాక్టరు గారి బొమ్మ, మా ఆవిడ కాలు

మంగళవారం, రాత్రి

ఇవాళ అమలాపురంలో డాక్టరు గారు ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ పట్టుకుని, ఎముకల మధ్య నుంచి ఉబ్బిన ఎర్రటి డిస్కు చూపించారు. అది నరాన్ని నొక్కడం వల్లే నా కాలు లాగుతోందట.

"మా ఆవిడ ఎదురుకాళ్లతో పుట్టిందండి. ఆవిడ తన్నితే ఊళ్లో ఎవరి నడుంపట్టయినా వదిలిపోద్దండి. నన్నయితే పెళ్లయిన కాణ్ణించీ తంతూనే ఉందండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇక తన్నించుకోకండి. నరం నలిగితే కాలు పడిపోవచ్చు" అన్నారు.

మరి పోయినేడు ఆవిడ తన్నాకే కదా లేచి నడిచాను? అదే అడిగితే, దానంతటదే తగ్గి ఉంటుందన్నారు. ఏది నమ్మాలో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ కాలు కడుక్కుని గుమ్మంలో నిలబడింది. "బోర్లా పడుకోండి, ఒక్క తన్నుతో పోద్ది."

"ఇవాళ మంగళవారమే, రేపు తన్నుదువుగాని" అన్నాను.

రేపేం చెప్పను? చూపిద్దామంటే ఆ బొమ్మ డాక్టరు గారి బల్ల మీదే ఉండిపోయింది.